పదమూడో కొడవలి

గుంపులో ఎంతమంది ఉండాలి? కూలి గుంపుకు మేస్త్రిగా ఉన్నన్నాళ్ళూ నా తల తిన్న ప్రశ్న ఇదొక్కటే. పని దొరకడం, దొరక్కపోవడం వాన చేతిలో ఉండేది. రైతు మంచివాడా కాదా అన్నది వాణ్ణి పెంచిన తల్లి చేతిలో ఉండేది. మనుషుల లెక్క మాత్రం నా చేతిలో ఉండేది. ఆ ఒక్కదాన్నీ నేను గట్టిగా పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రేపు ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో పదిమందిని కింద పెట్టుకొని పని చేయించబోయే పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్ళు చదివినా నష్టం లేదు, కాగితం ఎటూ ఖర్చయింది.

నేను చదివింది రెండో తరగతి. మూడో తరగతిలో కూర్చున్న రోజులు కొన్ని ఉన్నాయి గాని, ఆ ఏడు మేకలు బాగా ఈనాయి, నా చదువు ఆగింది. మాది బత్తలపల్లెకు అవతల ఎర్రమట్టి, గరుసు నేల. అక్కడ వేరుశనగ, దాని సాళ్ళ మధ్య కంది తప్ప వేరే పంట ఎరగం. వాన వస్తే రెండూ వస్తాయి. రాకపోతే కంది వస్తుంది. అసలే రాకపోతే కంది కట్టె పొయ్యిలోకి వస్తుంది.

మొదట్లో మా గుంపు పదిమంది. వేరుశనగ చెట్లు పీకి కుప్ప వేశాక కాయలు దూసే పని ఉంటుంది. కుప్ప చుట్టూ నలుగురు కూర్చుంటే చేతికి చెయ్యి తగలకుండా సాగుతుంది. ముగ్గురైతే ఒక పక్క బోసిగా ఉంటుంది, ఐదుగురైతే మోచేతులు పొడుచుకుంటాయి. పదిమందిలో ఎనిమిది మంది రెండు కుప్పలకు పోతే ఇద్దరు మిగులుతారు. ఆ ఇద్దరి కుప్ప పొద్దు గుంకినా తరగదు. కూలి మాత్రం అందరికీ ఒకటే. ఒకసారి అట్లా మిగిలిన ఇద్దరిలో ఒకామె లేచి పక్క కుప్ప ఆమె కొప్పు పట్టుకుంది. విడిపించబోతే నా చెవి కమ్మ ఊడి పొట్టులో పడింది. జల్లెడ పట్టి వెతికినా దొరకలేదు. రెండో కమ్మ ఇప్పటికీ దాచిపెట్టుకున్నాను, జత ఎప్పుడైనా దొరుకుతుందేమోనని.

ఆ కొట్లాట తర్వాత ఇద్దరిని చేర్చి గుంపును పన్నెండు చేశాను. చేసి చూస్తే ఆ అంకె బంగారంలా పనికొచ్చింది. కంది కోతకు ఇద్దరిద్దరు కావాలి, సాలుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. మట్టి పనికి ముగ్గురేసి కావాలి, ఒకరు తవ్వితే ఒకరు గంపకెత్తుతారు, ఒకరు మోస్తారు. కాయ దూయడానికి నలుగురు. ఒకే రోజు రెండు చేలు పిలిస్తే ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. ఎట్లా విరిచినా ఒక్కరు కూడా మిగలరు. మిగలకపోతే తగువు లేదు. రాప్తాడు దాకా రైతులు మా కోసం ట్రాక్టరు పంపేవాళ్ళు. "ఆ మేస్త్రమ్మ గుంపు వస్తే పంచాయితీ ఉండదు" అనేవాళ్ళు. ఆ మాట నాకు పాయసం కంటే తీపిగా ఉండేది.

తొంభైలు అయిపోవస్తున్న రోజుల్లో మా ఊరికి సాయంత్రం చదువులు వచ్చాయి. పాలు పోసే గదిలో, దీపాలు పెట్టే వేళకు కూర్చునేవాళ్ళం. గదంతా పులిసిన పాల వాసన. చదువు చెప్పేది మా ఊరికి కొత్తగా వచ్చిన కోడలు, ఇంటర్ సగంలో ఆపి పెళ్ళి చేసుకుంది. నన్ను "అత్తా" అనేది. అక్షరాలు చెప్పేటప్పుడు మామూలుగానే ఉండేది గాని, అంకెలు వస్తే ఆ పిల్ల ముఖం వెలిగేది.

ఒకనాడు దోసెడు వేరుశనగ కాయలు నేల మీద పోసి, "వీటిని సమానమైన వరసల్లో పేర్చండి. ఎన్ని రకాలుగా పేర్చొచ్చో చూద్దాం" అంది.

"కాయలు ఎవురివి?" అన్నాను నేను.

"మా ఇంటివే అత్తా."

"మంచి కాయలు మట్టిలో పోస్తారా? పుచ్చువి తెచ్చుకోరాదా?"

మంచి కాయలు తేవద్దన్న నా మాటే నిజమైంది. పాఠం సగంలోకి వచ్చేసరికి అంకెలు సగం మా వాళ్ళ కడుపుల్లోకి పోయాయి. ఐదు కావాల్సిన చోట మూడే ఉన్నాయి. పొగాకు నమిలే ఆమె ఒకతె ఉండేది మా గుంపులో, ఆమె నోట్లో పొగాకు తీసి పక్కన పెట్టి మరీ తినింది. మరుసటి రోజు నుంచి తినడానికి వీల్లేకుండా కాయలు ఒలిచిన ఉత్త పొట్లు తెమ్మన్నాను.

ఆ పొట్లతో మేం కనిపెట్టింది ఇది. ఒకటిని ఒకే రకంగా పేర్చగలం. రెండును రెండు రకాలుగా, నిలువుగానో అడ్డంగానో. మూడు కూడా అంతే. నాలుగును మూడు రకాలుగా, ఎందుకంటే రెండేసి రెండు వరసలు కూడా వస్తాయి. ఐదుకు మళ్ళీ రెండే. ఆరుకు నాలుగు. ఇట్లా ఒక్కొక్క అంకెకూ ఎన్ని దారులో చెప్పుకుంటూ పోతే ఒక వరస వచ్చింది:

ఒకటి, రెండు, రెండు, మూడు, రెండు, నాలుగు, రెండు, నాలుగు, మూడు, నాలుగు, రెండు, ఆరు.

ఆ చివరి ఆరు పన్నెండుది. అంతకు ముందు ఏ అంకెకూ ఆరు దారులు లేవు. అది విని నేను కాలు మీద కాలు వేసుకున్నానని మా వాళ్ళు తర్వాత చెప్పుకొని నవ్వారు. వేసుకునే ఉంటాను.

ఆ వరస మాకు దంపుడు పాటలా నోటికి వచ్చేసింది. చేలో కాయ దూస్తూ ఒకరు "ఒకటీ రెండూ రెండూ మూడూ" అని ఎత్తుకుంటే ఇంకొకరు "రెండూ నాలుగూ రెండూ నాలుగూ" అని అందుకునేవాళ్ళు. ఆఖరి "ఆరు" దగ్గర అందరం కలిసి గట్టిగా అరిచేవాళ్ళం. గట్టు మీద రైతు ఉలిక్కిపడి చూసేవాడు.

ఆ పాల గది గడప మీద ఒకామె కూర్చునేది. పరుపులు కుట్టే సాయిబు భార్య. ఆయన సైకిలుకు దూది ఏకే విల్లు కట్టుకొని ఊళ్ళు తిరిగేవాడు, ఆమె ఇంట్లో బొంతలు కుట్టేది. నా పాత చీరలన్నీ ఆమె చేతి మీదుగానే బొంతలయ్యాయి. పలక పట్టేది కాదు. ఒళ్ళో చంటి బిడ్డ, చేతిలో సూది, చెవి మాత్రం లోపల. మేం ఆరు దగ్గర అరిచినప్పుడు ఒకసారి ఆమె తల ఎత్తకుండానే, "ఆ తర్వాత?" అంది.

"ఏ తర్వాత?" అన్నాను.

"పదమూడుకు ఎంతని."

చదువు చెప్పే పిల్ల, "రెండే అక్కా. అది ఇరగదు" అంది. తర్వాత పొట్లన్నీ దగ్గరికి తీసి, పన్నెండును విరిచి చూపించింది. "రెండు భాగాలు చేస్తే ఆరు, ఆరు. ఆరును రెండు చేస్తే మూడు. మూడు ఇంగ ఇరగదు. అంటే దీంట్లో ఉండేది రెండు, రెండు, మూడు." నేను నమ్మకుండా ముందు మూడు భాగాలు చేసి మొదలుపెట్టాను. నాలుగు వచ్చింది. దాన్ని విరిస్తే రెండు, రెండు. మళ్ళీ అవే తేలాయి. ఎవరు ఏ పక్క నుంచి మొదలుపెట్టినా ఆఖరికి చేతిలో ఆ మూడు అంకెలే మిగిలాయి.

"ఇవి ఇత్తనాలు అత్తా. అంకెలన్నీ వీటితోనే మొలుస్తాయి. పదమూడు ఇరగదంటే అది చెడ్డదని కాదు, అదే ఒక ఇత్తనం" అంది ఆ పిల్ల.

నేను మాత్రం విరగదు అన్న ముక్క ఒక్కటే ఇంటికి తీసుకుపోయాను. మన మనసులో ముందే ఉన్న మాటకు చదువు సాక్ష్యం చెప్తే, మిగతా చదువు వినబుద్ధి కాదు.

ఇక కొడవళ్ళ సంగతి. గుంపు కొడవళ్ళన్నీ నా దగ్గరే ఉండేవి. ఎవరివి వాళ్ళు తెచ్చుకుంటే ఒకరిది మొండిగా, ఒకరిది వదులుగా ఉండి పని కుంటుపడుతుందని నేనే కమ్మరి దగ్గర చేయించి, అంచుకు పళ్ళలా కక్కు కొట్టించి, గోనె సంచిలో చుట్టి మోసుకుపోయేదాన్ని. మనుషులు పన్నెండు మంది, కొడవళ్ళు పదమూడు. ఒకసారి దూరపు చేలో పిడి విరిగి ఒకామె ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒకటి ఎక్కువగా ఉంచుకున్నాను. నేను అట్లాంటి మనిషిని. నా ఇంట్లో తాడుకు ఇంకో తాడు, సూదికి ఇంకో సూది ఉండాల్సిందే. తెగిన చెప్పు వారు కూడా పారెయ్యను.

రెండు వేలు దాటిన తర్వాత వరసగా కరువులు వచ్చాయి. అందులో ఒక ఏడు వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగేటప్పుడు వాన మొహం చాటేసింది. కాయ పట్టలేదు. కంది మాత్రం అక్కడక్కడా నిలిచింది. రాప్తాడు దగ్గర ఒక రైతు కంది కోతకు మమ్మల్ని పిలిచాడు. చాలా రోజులకు దొరికిన పని. కొన్ని రోజులు సాగేంత చేను. పొద్దున్నే ఊరి చివర ట్రాక్టరు వచ్చి నిలబడింది. మా వాళ్ళు సద్ది గిన్నెలు, చంటి పిల్లలు ఎత్తుకొని ఎక్కుతున్నారు. నేను కింద నిలబడి కొడవళ్ళ సంచి విప్పి ఒక్కొక్కరికీ అందిస్తున్నాను.

అప్పుడు వచ్చింది పరుపులు కుట్టే ఆమె. కొంగు నడుముకు బిగించింది. బిడ్డ చంకలో ఉంది.

"అక్కా, నేనూ వస్తా."

"యాడికి?"

"మీరు పొయ్యే కాడికే."

"కంది కోతమ్మా అది. సూది పని కాదు."

ట్రాక్టరు మీద ఎవరో నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది.

"సూది పట్టిన చెయ్యి కొడవలి పట్టలేదా? ఆయప్ప దగ్గుకుంటా మంచం పట్టి శానా దినాలాయ. దూది పొడి రొమ్ములోకి పోయిందంటాండారు. ఈ కరువులో కొత్త పరుపు కుట్టించుకునేది ఎవురక్కా? ఉన్నవే అమ్ముకుంటాండారు."

నాకు ఆమె మీద కోపం లేదు. ఇది మీరు నమ్మాలి. ఆమె కుట్టిన బొంత కప్పుకొనే ఆ పొద్దున లేచాను. కాని నా కళ్ళకు అప్పుడు ఆమె కనబడలేదు, పదమూడు కనబడింది. ఇద్దరిద్దరికి పంచితే ఒకరు మిగులుతారు. ముగ్గురేసి వేస్తే ఒకరు. నలుగురేసి వేసినా ఒకరే. ఏ పనికి పోయినా ఒకరు ఒంటిగా నిలబడతారు.

"పన్నెండుకే చెప్పినాడు రైతు" అన్నాను.

పొగాకు ఆమె పైనుంచి వంగి చూసింది. "రైతు పన్నెండని చెప్పలేదక్కా. నీ గుంపును తోలకరా అన్న్యాడు. నేనూ ఆడ్నే ఉంటి గదా."

"ఉంటే నోరు మూసుకోనుండు."

"నాదేం పోయె. రానీ, యాడో ఒక మూల కోసుకుంటాది."

"యాడో మూల అంటే ఎవురి సాలులో?" అని అడిగింది ఇంకొకామె. ఆమె ఎప్పుడూ నవ్వుతూ ఉండేది, ఆ రోజు నవ్వలేదు. "పదమూడైతే ఒకరు ఒంటిగా సాలు కొయ్యల్ల. నేనైతే కొయ్యనమ్మా, ఇప్పుడే చెప్తాండా."

మిగతావాళ్ళు మాట్లాడలేదు. పనిని అందరం ఆకలిగా చూస్తున్న రోజులవి. వాళ్ళ మౌనాన్ని నేను నా వైపు లెక్క వేసుకున్నాను.

"మా గుంపు లెక్క నీకు తెల్సు గదమ్మా. గడప మీద కూచోని వింటాంటివి. పదమూడు ఇరగదు."

"సాలు నాకొద్దక్కా" అంది ఆమె. "నీళ్ళు మోస్తా. మీ పిల్లోల్లు ఎండలో ఏడుస్తాంటారు గదా, నా బిడ్డతో పాటు ఎత్తుకుంటా. మీరు తినంగా మిగిలింది పెట్టండి. సందేళ మీకు తోచింది ఈండి. నన్ను మీ పంపకంలో ఎయ్యనే వద్దు."

అప్పుడు నేను అన్న మాట ఇది. దీన్ని ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు వెనక్కి తీసుకోవాలనుకున్నానో. "మిగిల్తే పెట్టేది, తోస్తే ఇచ్చేది బిచ్చమమ్మా. నా గుంపులో కూలి ఉండాది. బిచ్చం లేదు."

గొప్ప మాట అన్నాననుకున్నాను. ఆమె గౌరవం కాపాడాననుకున్నాను కూడా.

ఆమె నా చేతిలో సంచి వైపు చూసింది. అందరికీ ఇవ్వగా, నాది నడుముకు దోపుకోగా, గోనె మీద ఒక కొడవలి మిగిలి ఉంది.

"అక్కా, ఆ కొడవలి ఎవురిది?"

"ఎవురిదీ కాదు. ఒకటి ఇరిగితే ఉంటాదని."

"ఓ" అంది. అంతే. బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. డ్రైవరు, "ఏమ్మా, ఎక్కుతారా? పొద్దెక్కేదాకా ఈడ్నే కథలు చెప్పుకుంటారా?" అని అరిచాడు. నేను ఎక్కాను. ట్రాక్టరు లేపిన ఎర్ర దుమ్ములో ఆమె కాసేపు కనబడింది, తర్వాత దుమ్మే కనబడింది.

ఆ రోజు కొడవలి ఏదీ విరగలేదు. కోత అంతా అయ్యేవరకూ ఏదీ విరగలేదు.

మేం ఆ చేను ముగించి వచ్చేసరికి పరుపుల వాళ్ళ ఇంటి ముందు ముళ్ళ కంప అడ్డం వేసి ఉంది. బెంగుళూరు పోయారన్నారు, కట్టడం పనులకు. ఆయనకు దగ్గు ఉందే, దుమ్ములో పనికి ఎట్లా పోతాడన్నాను. ఆయన పనికి కాదు, ఆమె పనికి పోయింది, ఆయన బిడ్డను చూసుకుంటాడన్నారు. ఎవరి వెంట పోయారో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒకరు ఒక మేస్త్రి అన్నారు, ఒకరు ఇంకొకరు అన్నారు. ఆ తర్వాత ఆమె సంగతి ఏ పక్క నుంచీ రాలేదు. బతికి బాగుందనే నేను అనుకుంటాను. అనుకోవడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. అట్లా అనుకోకపోతే నిద్ర పట్టదు కాబట్టి అనుకుంటాను.

మరుసటి ఏడు పొగాకు ఆమె గుంతలో కాలు పెట్టి పడింది. తుంటి విరిగింది. మంచం మీద పడుకొని కూడా నన్ను ఎగతాళి చేసింది: "ఇరిగినాది చూడక్కా. సంచిలో ఇంకొకటి ఉండాదా?"

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం గోనె మీద మిగిలిన కొడవలి గుర్తొచ్చింది. మేం పదకొండు మందిమయ్యాం. పన్నెండో మనిషి కోసం ఇల్లిల్లూ తిరిగాను. పని చెయ్యగలిగిన వాళ్ళంతా అప్పటికే వలస పోయారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళూ, తాళాలూ. తిరిగి తిరిగి నా కాళ్ళు ఎక్కడ ఆగాయంటే, ఆ కంప వేసిన ఇంటి ముందు. లోపల గోడకు ఆనించి ఉన్న విల్లు కంప సందుల్లో నుంచి కనబడింది. నారి తెగి వేలాడుతోంది.

అన్నిటికీ ఇంకొకటి ఉంచుకొనే ఇల్లాలిని నేను. మనిషికి మాత్రం ఇంకో మనిషిని ఉంచుకోలేదు.

పదకొండుతో కొన్నాళ్ళు లాగాను. ఏ పనిలోనైనా ఒకరు ఒంటిగా మిగలడం, సాయంత్రానికి ముఖాలు ముడుచుకోవడం. చివరికి కుదరక, నాతో కలిపి ఆరుగురం ఉండేలా పనికి బాగా అలవాటైన ఐదుగురిని ఉంచుకొని, మిగతా ఐదుగురిని వేరే గుంపు కట్టుకోమన్నాను. ఆరు బాగా విరుగుతుంది కదా. ఐదు విరగదు. వాళ్ళు ఒక పంట కూడా నిలబడలేదు, తలా ఒక దిక్కు పోయారు. మా ఆరుగురిలో ఒకామె కోడలితో పాటు ధర్మవరం పోయి పట్టు దారం చుట్టే పనిలో చేరింది. ఐదుగురం అయ్యాం. ఇంకొకామెను మానిపించి నాలుగు చేశాను. కుప్పకు నలుగురు చాలు అనుకున్నాను. నలుగురిలో ఒకామె వలస పోయాక, సాలుకు ఇద్దరు చాలని ఇంకొకామెను మానిపించాను. ఇద్దరం మిగిలాం, నేనూ, ఆ నవ్వులామె. ఇద్దరం కొన్నాళ్ళు చెరో పక్క నిలబడి సాలు కోశాం. ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాక నేనొక్కతెను.

పన్నెండు, ఆరు, నాలుగు, రెండు, ఒకటి. ఎక్కడా అంకె తప్పలేదు. ప్రతిసారీ పన్నెండును సరిగ్గా విరిచే అంకె దగ్గరే ఆగాను.

తర్వాత ఊళ్ళకు సర్కారు ఉపాధి పని వచ్చింది. కొలత వేసి గుంత చూపిస్తారు, ఎంతమంది ఉంటే అంతమంది ఒక గుంపు. పదిహేడు మంది, పంతొమ్మిది మంది ఒక్కటిగా తవ్వుతున్నారు. మిగిలినామె నీడలో కూర్చొని నీళ్ళు ఇస్తుంది, పిల్లలను చూస్తుంది, ఆమెకూ పని చేసినట్టే రాస్తారు. నేను గట్టు మీద నిలబడి చూశాను. ఎవరూ ఎవరి కొప్పూ పట్టుకోలేదు. అప్పటికి నాకు గడ్డపార ఎత్తే శక్తి లేదు.

ఈ మధ్య చదువు చెప్పిన ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. పిల్ల అంటున్నాను గాని తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఇప్పుడు అనంతపురంలో ఉంటుంది, బిడ్డలకు ట్యూషన్లు చెప్పుకుంటుంది. అరుగు మీద ఇద్దరం కాయలు వలుస్తూ కూర్చున్నాం. నేను ఎవరికీ చెప్పని ఆ ట్రాక్టరు పొద్దు సంగతి ఆమెకు చెప్పాను. ఆమె ఒక కాయ వలిచి, పొట్టు పక్కన పెట్టింది.

"అత్తా, ఆ కాలంలో మీకు నీళ్ళు ఎవురు తెచ్చేటోల్లు?"

"ఒకరు మార్చి ఒకరం పోతాంటిమి. బాయి దూరం గదా."

"పిల్లోల్లు ఏడిస్తే?"

"ఎవురి పిల్ల ఏడిస్తే వాళ్ళు పొయ్యేది."

"అంటే సాలు కాడ పన్నెండు మంది ఎప్పుడు ఉంటిరి?"

నేను వలవడం ఆపాను. ఎప్పుడూ లేం. ఒకరు నీళ్ళకు పోతే ఆమె జత ఒంటిగా కోసేది. ఒకరు బిడ్డకు పాలియ్యబోతే ఇంకో జత కుంటుపడేది. ఏ వేళ చూసినా పదకొండో, పదో. అన్నేళ్ళూ పన్నెండు అని నేను కాపలా కాసిన అంకె నా సంచిలో ఉంది గాని చేలో లేదు. రోజుకొకరు నీళ్ళకూ పిల్లలకూ నిలబడి, మిగతా పన్నెండు మంది కోసి ఉంటే అప్పుడు నిజంగా పన్నెండు అయ్యేవాళ్ళం. దానికి పదమూడు మంది కావాలి.

"ఆయమ్మ అడిగింది అదే" అన్నాను. "నీళ్ళు మోస్తా, పిల్లోల్లను ఎత్తుకుంటా అనింది. నేను బిచ్చం అంటి."

"నేనన్నా చెప్పుండల్ల అత్తా. పొట్లు పేర్చేది నేర్పిస్తి గాని ఇది చెప్పలేదు."

"నువ్వు ఇత్తనం అని చెప్తివి. నేనే ఇరగదనే మాట పట్టుకోని పోతి."

కాసేపటికి నేనే మళ్ళీ అడిగాను. "సరే గాని, ఒకటి సంగతి ఏంది? అది ఇరిగేదాంట్లో చేరతాదా, ఇత్తనాల్లో చేరతాదా?"

ఆమె నా వైపు చూడకుండా, "రెండిట్లోనూ చేర్చరు అత్తా. దాన్ని ఒంటిగానే పెడతారు" అంది. అని, నా చాటలో కాయలు కొన్ని తన చాటలోకి తీసుకుంది. అవసరం లేకపోయినా.

కొడవళ్ళు పన్నెండూ కక్కు అరిగిపోయాయి. కొన్ని పాత ఇనుము కింద ఇచ్చాను, రెండు మూడు ఇంట్లో గడ్డి కోతకు వాడారు. పదమూడోది మాత్రం కమ్మరి ఇచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లే ఉంది. అది ఒక్కనాడూ విరగలేదు, ఒక్కనాడూ కొయ్యలేదు. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ ఆముదం రాసి దూలానికి దోపుతాను. ఇంట్లో వాళ్ళు ఎందుకది అంటారు. ఎవరైనా అడిగితే ఇద్దామని అంటాను.

అడిగింది ఒక్కతే.